పులిని చంపిన తుపాకి

టాటా ఉక్కు కార్ఖానావారి కద్మా క్వార్టర్లలో తలా ఒక పిచ్చి. ఒకాయనకు గులాబీలు, ఒకాయనకు హోమియోపతి మాత్రలు, మూడో ఆయనకు పక్కింటి సంగతులు. రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా పనిచేసే సూర్యానికి మాత్రం పాత జోడుగొట్టాల తుపాకులు. లైసెన్సు ఒప్పుకున్నంత మేరకు కొని, ఆదివారం పూట ముందుగదిలో దుప్పటి పరిచి, బిడ్డకు నలుగు పెట్టినట్టు వాటికి నూనె రాసేవాడు. వేటకు మాత్రం వెళ్లడు. పిచ్చుకను కొట్టిన పాపాన పోలేదు. అతనికి కావలసింది ఆ తుపాకిని మొట్టమొదట భుజానికి ఆనించినవాడెవడు, దానితో ఏం చేశాడు అన్నది. అది తెలిసేదాకా కనిపించిన ప్రతి ముసలివాణ్ణీ పట్టుకుని ప్రాణం తీసేవాడు. తెలియకపోతే ఆ తుపాకిని గోడకు తగిలించేవాడు కాడు.

భార్య రత్నం విసుక్కునేది. తల్లి తవిటమ్మ ఏమీ అనేది కాదు. కొడుకు వెతుకుతున్నది ఒకే ఒక్క తుపాకి కోసమని ఆమెకు తెలుసు.

సూర్యం ఇంకా కడుపులో ఉండగానే అతని తండ్రి ముసలయ్యను పులి పట్టింది. పాలకొండ దగ్గర కొండల్లో దివాణం వారి వేట. మృగాలను తోలడానికి డప్పు కొట్టేవాళ్లలో ముసలయ్య ఒకడు. పులి ముట్టిన మనిషిని ఆ ఊరివాళ్లు ఊళ్లోకి తేరు. కప్పిన గుడ్డ ఎత్తి చూడరు. మీద పడి ఏడవరు. కొండ దిగువనే గొయ్యి తీసి, పైన రాళ్లు పేర్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఆ ఇంటికి ఎవరూ నిప్పివ్వరు, ఆ ఇంటి ఆడది దిగిన బావిలో ఎవరూ నీళ్లు తోడరు. మహాలయ అమావాస్యకు పెద్దలందరికీ ఆకు వేసి అన్నం పెడతారు గానీ, పులి పట్టినవాడికి వెయ్యరు. ఆ పులి చచ్చిందని కళ్లారా చూసినవాడు వచ్చి చెప్పాలి. అంతవరకు చచ్చినవాడు పులి వెంటే ఆకలితో తిరుగుతుంటాడని వాళ్ల నమ్మకం.

నిండు చూలాలు ఆ ఊళ్లో ఎలా బతుకుతుంది? తవిటమ్మ రైలెక్కి టాటాకు వచ్చేసింది. ఇటుకలు మోసి కొడుకును పెంచింది. ఏటేటా అమావాస్యనాడు అత్తకూ మామకూ ఆకులు వేసి, మొగుడికి వెయ్యకుండా లేచేది. ఆ పూట తను కూడా తినేది కాదు. ఇప్పుడు మంచం పట్టి, దగ్గులో నెత్తురు పడుతోంది. వచ్చే ఏటి అమావాస్యకు తానుండనని ఆమెకు తెలుసు, సూర్యానికీ తెలుసు. ఒక్కసారైనా మొగుడికి అన్నం పెట్టి పోవాలన్నదే ఆమె కోరిక.

ముసలయ్య పోయిన మర్నాడు దివాణం చినబాబు ఆ పులిని కొట్టేశాడని ఊళ్లో చెప్పుకున్నారు గానీ, చూశానన్నవాడు లేడు. దివాణాలు పోయాయి, తుపాకులు చెల్లాచెదురయ్యాయి. ఆ వేసవిలో బిష్టుపూర్ తుపాకుల దుకాణానికి ఒక ఒడియా కలప కాంట్రాక్టరు సొత్తు అమ్మకానికి వచ్చింది. అందులో ఒక జోడుతుపాకి కర్రకు వెండి బిళ్ల, దాని మీద నెమలి. నెమలి దివాణం గుర్తని సూర్యానికి ఒకరు చెప్పనక్కరలేదు. దుకాణం మేస్త్రీ నిజాయితీగా లోపం కూడా చూపించాడు. కుడి మీట నొక్కితే ఆ అదురుకు ఎడమ గొట్టం కూడా పేలుతుంది. బాగు చేస్తానన్నాడు. సూర్యం వద్దన్నాడు. పాత వస్తువుకు దాని జబ్బు కూడా దాని సొంతమే అనేది అతని పట్టుదల.

ఇక కావలసింది చూసినవాడు. అడగ్గా అడగ్గా దొరికాడు. చినబాబు వెనక నడుస్తూ తూటాలు నింపి అందించిన బంగారురాజు, ముసలితనంలో కూతురి పంచన చేరి ఈ ఊళ్లోనే భుయ్యాడీహ్‌లో ఉంటున్నాడు. అమావాస్య ముందు రోజు పొద్దున్నే సూర్యం అతన్ని రిక్షాలో ఇంటికి తెచ్చాడు.

బంగారురాజుకు రెండు కళ్లలోనూ పొరలు. తుపాకిని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమి చూశాడు. నెమలి దగ్గర వేలు ఆగింది.

"ఇదే బావూ. దీన్ని తోమి తోమే నా సేతులు అరిగిపోనాయి."

"దీంతోనే కదా మావా, డప్పోణ్ణి పట్టిన పులిని కొట్టినారు?"

ముసలాయన చప్పరించాడు. "పులేటి బావూ, ఆ కొండమీద పులెక్కడిది? పంది లేసింది. సినబాబు కొట్టినాడు. ఒకటి నొక్కితే రెండూ పేలిపోనాయి. రెండోది పొదలెనకాల డప్పోడికి తగిలింది. పులని సెప్పీమన్నారు మమ్మల్ని. పులంటే ఆ ఊరోల్లు గుడ్డెత్తి సూడరు కదా. మీద గుడ్డ కప్పీసి అప్పసెప్పీసినాం."

"ఆ డప్పోడు మా నాన్న."

బంగారురాజు తుపాకిని ఒళ్లోంచి దించి నేల మీద పెట్టాడు. "నాను కూలోణ్ణి బావూ" అన్నాడు.

సూర్యానికి అతన్ని కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. ఈలోగా లోపలినుంచి గోడ పట్టుకుని వస్తున్న తల్లి దగ్గు వినబడింది. "పులి సచ్చిందని సెప్పీ. మరేటీ సెప్పకు" అని గబగబా అన్నాడు.

తవిటమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది. "నువ్వు సూసినావా అన్నా? అది సచ్చిందా?"

"సచ్చిందమ్మా. నా కళ్లతో సూసినాను."

ఆమె దేక్కుంటూ వచ్చి, ఆ ఇనుప గొట్టాలను రెండు చేతులా తాకి కళ్లకద్దుకుని నవ్వింది. ఆ నవ్వు కొడుకు ఎన్నడూ చూసినది కాదు.

ముసలాయన్ని రిక్షా ఎక్కించి వచ్చాక రత్నంతో చెప్పాడు. ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "ఊరుకో. ఆకేసుకుంటాది, కడుపు నిండా తింటాది. ఇంకేటి కావాలి నీకు?"

మంచిమాటే. విన్నాడా? వినలేదు. ఆ తుపాకిని ఆ అబద్ధంతో గోడకు తగిలించలేడు, అమ్మ దానికి మొక్కుతుంటే చూడలేడు. పైగా, నాన్నను పులి ముట్టనే లేదంటే మైల లేదు, వెలి లేదు, ఊరిదే తప్పు. ఈ మాట వింటే అమ్మ గుండె తేలికపడుతుందని నమ్మాడు. నమ్మాడు పాపం, పొరపాటు అక్కడే జరిగింది.

అమావాస్యనాడు తవిటమ్మ మూడో ఆకు కూడా కడిగి తుడుస్తోంది. సూర్యం పక్కన కూచుని నెమ్మదిగా చెప్పాడు. పులి లేదమ్మా. తుపాకి దెబ్బ. నాన్నకు ఏ మైలా లేదు. నువ్వు ఎప్పుడో ఆకు వెయ్యాల్సింది.

ఆమె తుడవడం ఆపలేదు. ఆకు మీద చెయ్యి ఒకేచోట తిరుగుతోంది.

"పులి కాదా?"

"కాదమ్మా."

"మరైతే" అంది, కొడుకును చూడకుండా. "గుడ్డ కదిలింది నాయనా."

సూర్యానికి అర్థం కాలేదు.

"గొయ్యి కాడ. గుడ్డ కదిలింది. నాను సూసినాను. ఎత్తబోతే మీ తాత నా సెయ్యి పట్టీసుకున్నాడు. పులి పట్టినోడు కదులుతాడు, అది ఆడు కాదు, లోపల పులి కదులుతోంది, బేగి కప్పీండి అన్నారు."

రత్నం వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. తవిటమ్మ ఆకును మడిచింది. మళ్లీ విప్పింది. అది మధ్యలో చీలిపోయింది.

"మూలిగినాడు కూడాను. పులి మూలుగనుకున్నాను. అందరూ తలో రాయీ ఏసినారు." తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. "ముందు రాయి పెల్లాం ఎయ్యాలన్నారు నాయనా. నానే ఏసినాను."