లోపల పిడి లేని తలుపు

ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చిన మా చెల్లెలు డల్సీ అరచేతులు మసితో, నెత్తురుతో నిండి ఉన్నాయి.

లాంకషైర్‌లో మా లైను మీద తిరిగే రైలు పెట్టెలకు గదులను కలిపే నడవా ఉండదు. ఒక్కో గదికి అటొక తలుపు, ఇటొక తలుపు, అంతే. బండి కదిలాక పక్క గదిలోకి పోయే దారి లేదు. సొరంగంలో ఎదుటి సీటువాడు డల్సీ మీద చెయ్యేశాడు. బండి ఆపే గొలుసు వాడి తలకు పైన ఉంది. ఆమె కిటికీ దించి, చెయ్యి బయటికి చాచి, బయటి పిడి తిప్పి తలుపు తీసుకుని, మెట్టు మీద వేలాడుతూ స్టేషను చేరింది.

గార్డు ఆమెనే తిట్టాడు. "నడిచే బండి తలుపు తీస్తావా? మతుందా నీకు?" చెయ్యేసిన ఆ వెధవ తాపీగా గేటు దాటిపోయాడు.

ఆ సీట్లకు గుడ్డ కుట్టేది నేనే, పెట్టెల కార్ఖానాలో. రాత్రంతా పళ్ళు నూరుతూనే ఉన్నాను.

పొద్దున్న పెట్టెల నమూనాలు గీసే థ్రెల్‌ఫాల్ గారు షెడ్డుకొచ్చారు. "కొత్త పెట్టెలో సీటు ఎలా కుదిరిందో కూర్చుని చూడండి సార్" అన్నాను. ఆయన కూర్చోగానే నేనూ ఎక్కి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. అవతలి తలుపు షెడ్డు గోడను ఆనుకుని ఉంది.

"ఏంటమ్మాయ్, తలుపు తియ్యి."

"మీరే తీసుకోండి."

"లోపల పిడి లేదుగా! కిటికీ దించాలి, నువ్వు జరగాలి."

"జరగను. నడవా కూడా లేదు, ఇప్పుడెటు పోతారు?"

ఆయన ముఖం కందిపోయింది. "నడవా పెడితే సీట్లు తగ్గిపోతాయి. ఆడవాళ్ళకు వేరే గది ఉందిగా!"

"నిన్న అది నిండిపోయి మా చెల్లెలు వేరే గదిలో ఎక్కింది. మిగతావాళ్ళు బండి వెనకాల పరుగెత్తాలా?"

బయట కుట్టుపనివాళ్ళు మిషన్లు ఆపి గుమిగూడారు. నేను పక్కకు జరిగాను. మధ్యాహ్నానికల్లా నన్ను పనిలోంచి తీసేశారు.

నన్ను తీసేసినందుకు ఆ వారం మా షెడ్డులో ఎవరూ సూది పట్టలేదు. చివరికి ఒక్కో రైల్లో ఇంకో గదికి 'స్త్రీలకు మాత్రమే' అని చీటీ అంటించారు. నమూనా మాత్రం మారలేదు.

కుట్టుపనివాళ్ళ మేస్త్రీ గ్యామేజ్ గారు మా ఇంటికొచ్చారు. "గెలిచావుగా ఎఫీ, పనిలోకి రా."

"నడవా పెడుతున్నారా?"

"ఇంకో గదికి చీటీ అంటించారుగా" అన్నారామె. మొహం మీదే తలుపు వేశాను.