రేపు బస్సులు బంద్

అరుంధతి నర్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి మూడు మార్కుల్లో పోయింది, రెండోసారి రెండు మార్కుల్లో. ఈ లెక్కన ఇంకో రెండుసార్లు రాస్తే పాసైపోతుందని తల్లి రాజక్క ధైర్యం చెప్పింది కానీ, మిగిలింది ఒక్క అవకాశమే. అదీ పోతే మూడేళ్ల చదువు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పరీక్ష గట్టెక్కితేనే రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు, ఆ నంబరు లేనిదే సూది పట్టుకోనివ్వరు. అందాకా మహారాష్ట్ర సరిహద్దులోని తమ ఊరు సిరొంచలో ఒక డాక్టరు దగ్గర చీటీల మీద రోగుల పేర్లు రాస్తూ కూర్చుంది. మూడేళ్లు ఒళ్లు వంచి చదివిన పిల్లకు పేర్లు రాసే పని దక్కితే ఎంత కడుపు మండుతుందో వేరే చెప్పాలా?

ఈసారి మాత్రం చదువు ఇల్లంతా పాకింది. అద్దం మీద నాడి లెక్క, బియ్యం డ్రమ్ము మీద బీపీ లెక్క, తలుపు వెనక మందుల పేర్లు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మరాఠీలో రాసి అతికించింది. సిరంజీల పాఠంలోని 'ఒక్కసారి మాత్రమే వాడాలి' అన్న కాగితం పోయి పోయి అన్నం గిన్నె పైన గోడకు చేరింది. చామోర్షి నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని చదువుకుని, ఒక్క గరిటె పడగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. ఆకలితో ఇల్లు చేరి ఆ ముచ్చట ఊరంతా చెప్పుకున్నారట. రాజక్క తన వంతు సాయం తను చేసింది. కూరలో ఉప్పు వేసేటప్పుడల్లా "దీనికి డోసెంత బిడ్డా?" అని అడిగేది. అరుంధతి చెప్పిన డోసు ప్రకారం వేసిన రోజుల్లో ఎవరూ కూర రెండోసారి అడగలేదు.

కానీ ఇంట్లో అసలు గురువు తండ్రి ఆదయ్య. ముప్పై ఏళ్లు ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర ఆర్టీసీలో, కండక్టరు చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి జీవితమంతా ఎవరి పొలంలోనో కూలికి వంగినవాడు. అందుకే ఖాకీ చొక్కా తొడుక్కున్న రోజును ఆదయ్య పెళ్లిరోజు కన్నా బాగా గుర్తు పెట్టుకున్నాడు. టికెట్లకు చిల్లులు పెట్టే పాత పంచ్ ఆయన దగ్గరే ఉండిపోయింది. కూతురు ఒక్కో ప్రశ్నకు సరైన జవాబు చెబితే కాగితం మీద 'టక్' మని ఒక చిల్లు పెట్టేవాడు. తప్పు చెబితే పంచ్ పైకెత్తి, టికెట్ లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూసేవాడు. వంద చిల్లులు పడితే ఆ రోజుకు సెలవు.

చిల్లులు బాగానే పడుతున్నాయి, మార్కులే పడటం లేదు. ఈ చిక్కు విప్పడానికి పక్కింటి సుశీలాబాయి వచ్చింది. ఆమె రిటైరైన హెడ్ నర్సు. పుట్టుక మరాఠీ అయినా సిరొంచలో కాపురం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి తెలుగు కూడా గదమాయించే స్థాయిలో వచ్చు. అరుంధతి ఆమెను మరాఠీ పద్ధతిలో మావ్‌శీ, అంటే పిన్ని, అని పిలుస్తుంది. సుశీలాబాయి అద్దాలు పెట్టుకుని, ఇంట్లో రాసిన నమూనా పరీక్షలు పదిహేను ముందేసుకుని, తప్పులన్నిటి చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టింది.

"మందులు బరోబర్. గుండె, కిడ్నీ, అన్ని బరోబర్. 'ఈ నలుగురిల ముందుగాల ఎవరిని చూస్తవు' అని అడిగితే మాత్రం అన్ని తప్పే. ఏందే ఇది?"

"ఏమో మావ్‌శీ, నేను బాగా ఆలోచించే పెడుతున్న."

"అయితే జర పైకి ఆలోచించు. నేను వింట." ఆమె ఒక ప్రశ్న చదివింది. ఆస్పత్రికి ఒకేసారి నలుగురు వచ్చారు. ముల్లు దిగి కాలు వాచిన రైతు. కట్టు మార్పించుకోవాల్సిన ముసలమ్మ. టీకా కోసం తల్లి చంకలో పాప. ఛాతీ బరువుగా ఉందంటూ చెమటలు కక్కుతున్న యాభై ఏళ్ల గుమాస్తా.

అరుంధతి తడుముకోలేదు. "ముందుగాల ముల్లు దిగినాయన. తర్వాత పాప, ముసలవ్వ. గుమాస్తా ఆఖరికి."

సుశీలాబాయి అద్దాలు తీసింది. "ఎట్ల?"

"కాలికి ముల్లు దిగిందంటే అడివి దిక్కు మనిషే కదా. పెర్మిలి దాటి ఏ లోపలి ఊరో. ఆయన బస్సు పదకొండున్నరకు పోతది, మల్ల రేపటిదాకా లేదు. గుమాస్తా అంటే ఇక్కడోడే. బండి ఉంటది. పొద్దుగూకినంక తీరిగ్గ చూడొచ్చు."

"పొద్దుగూకినంక ఆయనను చూసేటందుకు చుట్టాలొస్తరు, పూలదండలు పట్టుకొని!" సుశీలాబాయి గొంతు వాకిలి దాటింది. "ప్రశ్నల ఊరు పేరుందా? బస్సు టైముందా?"

"పేరు లేకుంటే ఏంది, మాటను బట్టి తెల్వదా?"

గుమ్మంలో నిలబడ్డ ఆదయ్య మొహం వెలిగిపోయింది. "శాబాష్!" అంటూ పంచ్ టక్కుమనిపించాడు.

సుశీలాబాయి ఆ చిల్లు వైపు చూసింది, ఆ పంచ్ వైపు చూసింది, ఇక రోగం ఎక్కడుందో ఆమెకు అర్థమైపోయింది. ఇంతకాలం ఆదయ్య ఈ ప్రశ్నలకు చిల్లులు పెడుతున్నది పుస్తకం వెనక పేజీలోని జవాబులు చూసి కాదు, బస్సుల టైంటేబుల్ చూసి!

"ఆదయ్యా, నువ్వే ముంచుతున్నవు పిల్లను."

"నేనా?" ఆదయ్యకు నిజంగానే కోపం వచ్చింది. "బస్సు తప్పినోళ్లను నువ్వు చూసినవా బాయీ? నేను చూసిన. చీటీ కోసం నిలవడి నిలవడి, బయటికొచ్చేసరికి బండి పోయేది. పొద్దున మొదటి బండి తీస్కపోతే గా ఆస్పత్రి అరుగు మీద్నే పిల్లలతోటి పండుకొని ఉండేటోళ్లు, తిండి లేక. ఒక తల్లి కోసమని ఇరవై నిమిషాలు బండి ఆపిన. మెమో ఇచ్చిండ్రు. ఇచ్చినా మల్ల ఆపిన. దూరపోణ్ణి ముందుగాల చూడకుంటే అదేం నర్సుతనం?"

ఆయన చెప్పింది అబద్ధం కాదని సుశీలాబాయికీ తెలుసు, ఆ అరుగు ఆమె కూడా చూసిందే. కానీ పరీక్ష పేపరు తయారుచేసేవాడు ఆ అరుగు చూడలేదే!

"నువ్వన్నది నిజమే. కానీ ఈ పరీక్షల బస్సుల్లేవు. అరుంధతీ, ఇగో విను. గిసొంటి ప్రశ్న వస్తే మనసుల అనుకో, ఇయ్యాల ఎస్టీ సమ్మె. బస్సులు బంద్. ఎవ్వరూ ఏడికీ పోరు, అందరు ఇక్కడ్నే పండుకుంటరు. ఇగ చెప్పు, ఎవరి పానం ముందు పోతది?"

అరుంధతి కళ్లు మూసుకుంది. బస్సులన్నిటినీ డిపోలో పెట్టి గేటుకు తాళం వేసింది. "గుమాస్తా," అంది, తనే ఆశ్చర్యపోయి.

ఆ పూట ఇరవై ప్రశ్నలు వేస్తే పద్దెనిమిది సరిగ్గా వచ్చాయి. చిల్లులు మాత్రం ఒక్కటీ పడలేదు. ఆదయ్య పంచ్‌ను ట్రంకు పెట్టెలో వేసి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎండనక వాననక బండి నడిపించిన మనిషి ఇంట్లో పొద్దస్తమానం బస్సులు బంద్, బస్సులు బంద్ అని జపం జరుగుతుంటే ఎట్లా ఓర్చుకుంటాడు? "నా బిడ్డ పాస్ కావాలంటే నా బస్సులు బంద్ కావాలెనా?" అని రాజక్కతో ఒక్కమాట అని, నెలరోజులు చదువు ఊసే ఎత్తలేదు. అరుంధతికి అది గుచ్చుకుంటూనే ఉంది. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ టక్కు కోసం చెవి అటే పోయేది.

పరీక్ష జిల్లా కేంద్రం గడ్చిరోలిలో పడింది. ముందురోజు పొద్దున తల్లీకూతుళ్లు బస్సెక్కారు. ఆదయ్య సంచీ మోసుకొచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, కిందికి దిగి నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. బండి కదలబోతుంటే ఆయనలో ఏం తెగిందో, కిటికీ కమ్మీ పట్టుకుని వెంట నడుస్తూ, కండక్టరు గొంతుతో స్టాండంతా వినబడేలా అరిచాడు.

"బిడ్డా! రేపు బస్సులు బంద్! అన్ని బంద్! యాది మరువకు!"

అరుంధతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ బస్సులో మిగతావాళ్ల కళ్లు వేరే కారణానికి పెద్దవయ్యాయి. ఆదయ్య కండక్టరు నోటితో బంద్ అన్నాడంటే అది డిపో మేనేజరు మాట కన్నా గట్టిది. "రేపు బందా? మరి తిరిగెట్లొస్తం?" అని మంగయ్య అనే రైతు మూటతో సహా దిగేశాడు. ఆయన వెనక ఇంకో ఆరుగురు. పెళ్లికి పోతున్న ఒక కుటుంబం సగం దిగి, సగం ఎక్కి, తలుపులో ఇరుక్కుపోయింది. డ్రైవరు నెత్తి పట్టుకున్నాడు. "ఆదన్నా, రిటైరైనంక కూడ నా బండి ఖాళీ చేస్తివి!" ఆదయ్య ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, బంద్ పరీక్షలోనే తప్ప రోడ్డు మీద కాదని చెప్పి మళ్లీ ఎక్కించేసరికి బండి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

మర్నాడు కంప్యూటరు మీద ఆ ప్రశ్న రానే వచ్చింది. వెదురు నరుకుతుంటే చెయ్యి తెగి, కట్టు కట్టుకుని వచ్చిన కూలి. పెదాలు నీలంగా మారి ఆయాసపడుతున్న బడిపంతులు. ఇంకో ఇద్దరు. వెదురు అన్న మాట చూడగానే అరుంధతి వేలు అటే పోయింది. ఎక్కడో పెర్మిలి అవతల, ఒక్కటే బస్సు. అప్పుడు కిటికీ కమ్మీ పట్టుకుని నడుస్తున్న తండ్రి గొంతు వినబడింది. వేలు ఆగింది. పంతులు మీద నొక్కింది.

పాస్ మార్కుల కన్నా పదకొండు ఎక్కువే వచ్చాయి. నంబరు వచ్చింది. మూడు నెలలకు పెర్మిలి ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు మీద ఉద్యోగం కూడా వచ్చింది. చేరిన మొదటిరోజే మధ్యాహ్నం సిరొంచలో ఆదయ్య ఫోను మోగింది.

"బాపూ, భామ్రాగఢ్ దిక్కు పోయే బండి పెర్మిలికి ఎన్నింటికొస్తది?"

"రెండూ పదికి. సంతరోజైతే రెండున్నర. ఎందుకే? ఎక్కడికి పోతున్నవు?"

"నేను పోతలేను. పదిహేను మంది కూసున్నరు. దమ్ము ఆడక వచ్చినామెను ముందుగాలనే చూసి పండుకోబెట్టిన, డాక్టర్ సాబు చూస్తున్నడు. మిగిలినోళ్లకు పానానికి భయం లేదు. ఇగ వాళ్లను బస్సుల లెక్కన పిలుస్తున్న. అందరి బండ్ల టైములు చెప్పు, రాసుకుంట."

ఆదయ్య గొంతు సవరించుకున్నాడు. అయినా అలక పూర్తిగా తీరనట్టే అడిగాడు. "బస్సులు బంద్ అంటివి కదా?"

"పరీక్షల బంద్, బాపూ. ఇక్కడ నడుస్తున్నయి."

ఆయన ఒక్కొక్క ఊరి పేరూ, ఒక్కొక్క టైమూ తడుముకోకుండా చెప్పాడు. ఏ వాగు పొంగితే ఏ బండి ఎంత ఆలస్యమో కూడా చెప్పాడు. ఫోను పెట్టేశాక ట్రంకు పెట్టె తెరిచి పంచ్ తీశాడు. గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు తారీఖు మీద టక్కుమని ఒక చిల్లు పెట్టాడు.