మార్చి దాకా ఆగిన మాట

బ్యూనస్ ఐరీస్‌లో బస్సు నడిపి రిటైరైన అన్సెల్మోకి వాళ్ళన్నతో పదకొండేళ్ళుగా మాటల్లేవు. తల్లి అంత్యక్రియలకి ఆలస్యంగా వచ్చాడని అన్నని నలుగురిలో తిట్టాడు. ఆ దిగులుతో నిద్రపట్టక మనసు వైద్యం చేసే కౌన్సిలర్ గ్రసియేలా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడది ఒక్క పద్ధతని కాదు. ఊపిరి పీల్చడం నేర్పింది, బొమ్మలు గీయించింది, చిన్ననాటి సంగతులు తవ్వించింది. ఏడాదికి అతని నోట "తప్పు నాదే అన్నా" అనే మాట వచ్చింది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యనా అమ్మా?"

"తొందరపడకండి. రేపట్నుంచి నాకు సెలవు. మార్చిలో ఇద్దరం కలిసి చేద్దాం."

అక్కడ ఫిబ్రవరంటే వేసవి. ఆ ఎండలకి ఊళ్ళో మనసు వైద్యులంతా సముద్రం ఒడ్డుకి పోతారు. మనసు జబ్బులు ఊళ్ళోనే ఉంటాయి.

"సొంత అన్నతో మాట్లాడ్డానికి ఆవిడ అనుమతి కావాలా నీకు?" అని దెప్పింది పెళ్ళాం రమోనా.

"నేను చెడగొడితే మళ్ళీ అతకదే. నువ్వూరుకో."

ఫిబ్రవరి ఇరవైన అన్న గుండె ఆగి చనిపోయాడు.

మార్చిలో అన్సెల్మో ఆవిడ ఎదుట కూర్చుని గది అదిరేలా అరిచాడు. ఎండకి కమిలిన ముఖంతో ఆవిడ మెల్లగా, "కోపం బయటికొచ్చింది, మంచిదే" అంది.

"నా కోపం ఎవరిక్కావాలమ్మా? తప్పు నాదని తెలీకుండానే మా అన్న మట్టిలోకి పోయాడు."

ఆవిడ వచ్చే మంగళవారం రమ్మంది. అతను వెళ్ళాడు కూడా. ఆ మాట వినడానికి ఇంకెవరు మిగిలారు గనక?