చప్పుడు లేని బండి

ఆళ్లగడ్డలో చెన్నకేశవులు బండి మలుపు తిరిగిందంటే, ఓబులమ్మ టీ అంగడి ముందర బల్ల మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడతారు. తెల్లటి ఏడు సీట్ల డీజిల్ బండి, లారీకి తమ్ముడిలా ఉంటుంది. ఆ మట్టి వీధిలో అది గుర్రుమంటూ వస్తుంటే ఒక్కడంటే ఒక్కడు కూర్చుని ఉండగా చెన్నకేశవులు చూడలేదు. ఆ లేవడం కోసమే ఆయన ఇన్నేళ్లూ ఆ ఏనుగును మేపుతూ వచ్చాడు.

ఏనుగైతే చెరకు తిని ఊరుకునేది. ఇది డీజిల్ తాగుతుంది. డీజిల్ ధర ఎక్కినప్పుడల్లా ఆయన ప్రాణం దిగజారిపోయేది. ఆఖరికి ఏమైందంటే, రోజూ పొద్దున్నే ఇంటి ముందర బండి స్టార్ట్ చేసి, వీధి వీధంతా వినబడేలా గర్జింపజేసి, ఏదో పెద్ద పని మీద పోతున్నట్టు మొహం పెట్టి, మళ్లీ దాన్ని షెడ్డులోకి తోసేసి, వెనక సందులోంచి బస్టాండుకు నడిచిపోయేవాడు. నంద్యాల బస్సులో వెనక సీటు, తలకు తువ్వాలు, మొహం కిటికీ వైపు. ఆయన భార్య రామేశ్వరమ్మ మాత్రం ఆధార్ కార్డు చూపించి ముందు సీట్లో ఉచితంగా, దర్జాగా కూర్చునేది.

"టిక్కెట్టు కొన్నోడివి నువ్వు, దొంగ మాదిరి కూచ్చునేదీ నువ్వే! ఏం మనిషివయ్యా?" అని తిట్టేది.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపంగి నూనె అన్న సామెత తన కోసమే పుట్టిందని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసీ నూనె మానలేదు. అదీ ఆయన గొప్పతనం!

ఈమధ్య నంద్యాలలో ఎవరిని కదిపినా పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ బండ్ల మాటే. జనం పెద్ద బండ్లు తెచ్చి వదిలించుకుంటుంటే, అవి షోరూం వెనక అమ్ముడుపోని సంత ఎద్దుల్లా నిలబడి ఉన్నాయి. చెన్నకేశవులు కూడా ఒకరోజు బస్సు దిగి షోరూంలోకి పోయాడు. "మా బండి సర్వీసింగులో ఉండాదిలే" అని ఎవరూ అడక్కముందే చెప్పేశాడు.

ఆయన అనుమానం మైలేజీ గురించి కాదు. "సప్పుడు ఎట్లుంటాది?" అని అడిగాడు.

"సప్పుడే ఉండదు సార్. మెల్లగా పోయేటప్పుడు ఉత్త బ్యాటరీ మీదనే పోతాది. పక్కనోనికి గూడ తెలీదు" అన్నాడు అక్కడ బండ్లు అమ్మే కుర్రాడు హరీష్, అదేదో గొప్ప విషయమైనట్టు.

చెన్నకేశవులు గుండెల్లో రాయి పడింది. పక్కవాడికి తెలియకపోతే ఇక బండి ఎందుకు? చప్పుడు లేకపోతే బల్ల మీదివాళ్లు లేస్తారా, లేవరా? లేస్తే దీన్ని కొంటాడు. లేవకపోతే ఆ ఏనుగుతోనే చస్తాడు. అంతే.

"ఆళ్లగడ్డ దాకా పోయి చూస్తే గానీ చెప్పలేనప్పా" అన్నాడు. పనిలో పని, తిరుగు బస్సు చార్జీ కూడా మిగిలింది.

హరీష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. టీ అంగడి మలుపులో బండి పిల్లిలా తిరిగింది. బల్ల మీద రిటైరైన సంజీవయ్య సారు, లారీ నడిపే యెషయా, ఇంకొందరు ఇటు వీపులు పెట్టి కూర్చున్నారు. ఒక్కడూ కదల్లేదు. వాళ్లకు సరిగ్గా వినబడలేదేమోనని అద్దం దించి ఇంకాస్త దగ్గరికి పోనిచ్చాడు. అప్పుడు తన పేరు వినబడింది.

"చెన్నకేశవులు బండి కనపల్లేదే ఈ మధ్య?" అంటున్నాడు బల్ల చివరనున్న ఒకాయన.

"రాకుంటేనే మేలప్పా! అది వచ్చిందంటే దుమ్మంతా టీలోనే. గ్లాసెత్తుకోని లేయల్ల, లోపలికి పరిగెత్తల్ల" అన్నాడు యెషయా.

చెన్నకేశవులు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లుగా తాను మీసం దువ్వుకుంటూ అందుకున్న మర్యాద దుమ్ము! అదీ తన దుమ్మే!

"ఆ బండి యాడొస్తాదప్పా?" ఓబులమ్మ నవ్వింది. "పొద్దున దాన్ని అరిపించి కట్టేసి, ఎనక సందులో బస్టాండుకు పోతాండాడు. నిన్న బస్సులో నా పక్క సీట్లోనే ఉన్యాడు, తలకు తువ్వాల సుట్టుకోని."

"పలకరిస్తివా?"

"నేనెందుకు పలకరిస్తానప్పా! పాపం, సిగ్గుపడతాడని అట్ల తిరిగి కూచ్చుంటి. బస్సులో అందరూ అంతే గదా. కండక్టరు గూడ మొగం చూడకుండానే టిక్కెట్టు ఇస్తాడు."

"నేనూ అంతేలే. పెద్దమనిషి, ఆయన మనసు నొప్పించేదెందుకు?" అన్నాడు సంజీవయ్య సారు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంటే, పాపం, దాని కోసం ఊరు కూడా కళ్లు మూసుకుంది. చెన్నకేశవులుకు కోపం రావాలి, రాలేదు. తన మీద తనకే నవ్వొచ్చింది. వీళ్లు చూడకముందే వెనక్కి పోవాలి, విన్నానని తెలిస్తే సిగ్గుపడతారు అనుకుని రివర్స్ గేరు వేశాడు.

వచ్చేటప్పుడు చీమంత చప్పుడు చేయని ఆ దిక్కుమాలిన బండి, వెనక్కి పోయేటప్పుడు కుయ్ కుయ్‌మని వీధంతా చాటింపు వేసింది!

బల్ల మీదివాళ్లు గబుక్కున తిరిగారు. చెన్నకేశవులును చూశారు. చూసి, అందరూ ఒక్కసారే మొహాలు పక్కకు తిప్పుకున్నారు. సంజీవయ్య సారు ఎండాకాలం ఆకాశంలో మబ్బులు వెతికాడు. ఓబులమ్మ ఖాళీ గిన్నెను గరిటెతో కలిపింది.

"ఎట్లుంది సార్ బండి? బుక్ చేద్దామా?" అన్నాడు హరీష్.

"ముందు నా బండి తీసుకపోయి అమ్మిపెట్టప్పా. అది సర్వీసింగులో లేదులే, ఇంట్లో షెడ్డులో ఉండాది. ఇది కొనేది తర్వాత చూద్దాం."

బండి ఆపి దిగి, నడిచిపోయి బల్ల ముందర నిలబడ్డాడు.

"ఇట్ల తిరగండప్పా. నేనే. రేపు గూడ బస్సులోనే వస్తా, పలకరించండి."

ఎవరూ లేవలేదు. సంజీవయ్య సారు కొంచెం పక్కకు జరిగి, బల్ల మీద చోటిచ్చాడు.