సంజాయిషీల వీరరాఘవులు

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో వీరరాఘవులు ఇల్లెక్కడ అంటే చెప్పలేకపోవచ్చు గానీ, 'సంజాయిషీల వీరరాఘవులు' ఇల్లెక్కడ అంటే ఏ తెలుగింటివాళ్ళయినా మా గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెట్టేవాళ్ళు. ఆఫీసుకి ఆలస్యమైందనో, ఫైలు పోయిందనో ఎవడికి మెమో వచ్చినా, జవాబు రాయించుకోవడానికి సాయంత్రానికి మా ఇంట్లో వాలేవాడు. నేను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఏ శాఖో చెప్పను. ఆ జాగ్రత్త ఇంకా పోలేదు నాకు.

నా పద్ధతి ఒకటే. 'తప్పు చేశాను' అన్న మాట కాగితం మీద పడకూడదు. మా సెక్షన్లో గుమాస్తా సత్తయ్య, కరీంనగర్ మనిషి, ఒకసారి చెప్పాపెట్టకుండా పదిరోజులు ఊరెళ్ళి మెమో తెచ్చుకున్నాడు. "తప్పైంది సార్ అని రాస్తే అయిపోతది గద," అన్నాడు అమాయకంగా. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఒప్పుకున్నవాడికి శిక్ష, ఒప్పుకోనివాడికి ప్రమోషన్, ఇంత సర్వీసు చేసి ఇది కూడా తెలీదా అన్నాను. 'అనివార్య పరిస్థితుల వల్ల ముందస్తు సమాచారం అందజేయబడలేదు' అని రాసిచ్చాను. మెమో అటకెక్కింది. సత్తయ్య లడ్డూల డబ్బా తెచ్చిచ్చాడు.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను. డిపార్ట్‌మెంటు నాకు టైపు నేర్పింది, హిందీ నేర్పింది, యాభై దాటాక కంప్యూటర్ కూడా నేర్పింది. 'తప్పు నాదే' అని నోటితో అనడం మాత్రం ఎవడూ నేర్పలేదు. అదేమన్నా విద్యా, అవసరమొస్తే ఎవడైనా అంటాడులే అనుకున్నాను. అనలేడు. అలవాటు లేనివాడు చచ్చినా అనలేడు.

2004లో మా అమ్మాయి కిరణ్మయి ఎమ్మెస్సీ పూర్తిచేసి, కొచ్చిలో సముద్రపు చేపల మీద పరిశోధన చేసే ఒక సంస్థకి దరఖాస్తు పెట్టింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, అప్పటికి సముద్రాన్ని చూసింది రెండుసార్లేనేమో. ఆ పిలుపు కోసం రోజూ గుమ్మంలో కాచుకునేది. పిలుపు స్పీడ్ పోస్టులో వచ్చిన రోజున మాత్రం అది స్నానానికి వెళ్ళింది. నేను ఆఫీసుకి బయలుదేరుతున్నాను, చార్టర్డ్ బస్సు వేళ మించిపోతోంది. ఏదో బీమా కాగితమనుకుని, కవరు మీద పేరైనా చూడకుండా సంతకం పెట్టి బ్రీఫ్‌కేసులో పడేశాను. ఆఫీసులో అది ఓ ఫైల్లోకి దూరింది. ఆ ఫైలు ఇంకో సెక్షనుకి వెళ్ళిపోయింది.

కిరణ్మయి ఓపిక పట్టలేక కొచ్చికి ఫోన్ చేసేసరికి ఇంటర్వ్యూలు అయిపోయాయి. పిలుపు ఎప్పుడో పంపామన్నారు వాళ్ళు. పిల్ల రెండు రోజులు ముద్ద ముట్టలేదు. నాకు ఆవేశం ముంచుకొచ్చింది. దాన్ని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళి, కౌంటర్లో ఉన్న పెద్దాయన్ని నలుగురి ముందూ దొంగ అన్నాను. అంతటితో ఆగానా? కిరణ్మయి పేరుతో మూడు పేజీల ఫిర్యాదు రాసి పై అధికారుల దాకా పంపించాను. నా జన్మలో అంత గట్టి డ్రాఫ్టు ఇంకోటి రాయలేదు.

వారం తర్వాత ఆ ఫైలు నా బల్ల మీదికి తిరిగొచ్చింది. దారం విప్పితే మధ్యలో కవరు, దాని మీద కొచ్చి ముద్ర, మా అమ్మాయి పేరు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి చెప్పుంటే ఏమయ్యేది? ఏడ్చేది, అరిచేది, నాలుగు రోజులు మాట్లాడేది కాదు. అంతకన్నా ఏమయ్యేది? నేనేం చేశానో తెలుసా, ఆ కవరుని ముక్కలు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. ఇంటికెళ్ళి చొక్కా విప్పుతూ, పోస్టాఫీసు వాళ్ళు జవాబిచ్చారా అని అడిగాను.

ఇచ్చారు. అంత గట్టి ఫిర్యాదాయె, వాళ్ళు కూపీ లాగారు. నెల తిరిగేసరికి కిరణ్మయి పేరిట జవాబు వచ్చింది. ఫలానా తేదీన ఉత్తరం మీ ఇంట్లో అందజేశాం, తీసుకున్నవారి సంతకం జిరాక్సు జతచేస్తున్నాం అని. అది నా సంతకమే, కింద రెండు గీతలతో సహా.

"యే ఆప్‌కా హై నా, నాన్నా? మీ సంతకమే కదా?" అంది కిరణ్మయి, ఆ కాగితం నా ముందు పెట్టి.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. జిరాక్సు సరిగా పడలేదు, రూఢిగా చెప్పలేం అన్నాను. ఆ రోజుల్లో పార్లమెంటు ప్రశ్నలకి జవాబులు తయారుచేయడంతో ఊపిరాడలేదు అన్నాను. అదీ చాలనట్టు, అంత ముఖ్యమైన ఉత్తరమైతే నువ్వే కనిపెట్టుకుని ఉండాల్సింది అన్నాను. సిగ్గులేని నోరు. పిల్ల అన్నీ విని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ కొచ్చికి దరఖాస్తు పెట్టలేదు. రెండు నెలల్లో నోయిడాలో ఒక టీవీ ఆఫీసులో ఉద్యోగం చూసుకుని అక్కడే హాస్టల్లో చేరింది. వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడేది. నాతో మాటల్లేవు.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం వచ్చింది. తన ఆఫీసులోనే పనిచేసే సుధీంద్రని చేసుకుంటానంది. కర్నూలు వైపు వాళ్ళు, కుర్రాడు నెమ్మదస్తుడు. మా ఆవిడ అన్నపూర్ణేశ్వరి ఆనందం పట్టలేక వంటింట్లోకీ హాల్లోకీ పదిసార్లు తిరిగింది. కిరణ్మయి నా ఎదురుగా కూర్చుంది.

"పీటల మీద మీరూ అమ్మే కూర్చోవాలి నాన్నా. నాకూ అదే కావాలి. బస్, అంతే, ఒక్కసారి తప్పు నాదే అనండి. ఉత్తరం పోయినందుకు కాదు. ఆ సంతకం చూశాక కూడా నన్ను పిచ్చిదాన్ని చేశారు, దానికి. అనలేనంటే సీతారామయ్య మామయ్యని కూర్చోమంటాను."

సీతారామయ్య మా బావమరిది. అన్నపూర్ణ వంటింటి గుమ్మంలో నిలబడిపోయి నా మొహంలోకే చూస్తోంది. అనేయండి, మీకు దండం పెడతాను అన్నట్టుంది ఆ చూపు. రెండంటే రెండు ముక్కలు.

"రాసిస్తాను," అన్నాను.

ఎనిమిది రోజులు రాశాను. మొదటి డ్రాఫ్టు బాగానే వచ్చింది. 'అమ్మా, తప్పు నాదే. ఉత్తరం నేనే పోగొట్టాను. దొరికాక చింపేశాను. క్షమించు.' చదువుకుంటే చెమటలు పట్టాయి. ఇది ఎవరి చేతిలోనైనా పడితే? ఎవరి చేతిలో పడుతుందయ్యా, కన్నకూతురు నీకు చార్జిషీటు ఇస్తుందా? అయినా చెయ్యి ఊరుకోలేదు. ఒక్కో మాటే కొట్టేస్తూ, ఒక్కో మాటే చేరుస్తూ పోయాను. చివరికి తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా దిగింది: '2004లో ఒక ఉత్తరం విషయంలో కొంత జాప్యం జరిగినట్టు తెలియవచ్చింది. అప్పటి పని ఒత్తిడి దృష్ట్యా అది ఉద్దేశపూర్వకం కాదని మనవి. దీనివల్ల ఎవరికైనా అసౌకర్యం కలిగి ఉంటే విచారిస్తున్నాను.'

కిరణ్మయి వచ్చి నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఇందులో తప్పు ఎవరు చేశారు నాన్నా? నాకు కనబడటం లేదు."

కాగితం మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టి, వాళ్ళమ్మకి చెప్పి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే సీతారామయ్యకి ఫోన్ వెళ్ళింది.

డిసెంబరులో ఆర్కేపురంలో పెళ్ళి. పట్టుపంచె కట్టుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాను. పీటల మీద సీతారామయ్యా వాళ్ళావిడా ఉన్నారు. పెళ్ళికూతురి తండ్రి బతికుండి, ఎదురుగా ఉండి, కుర్చీలో కూర్చుంటే నలుగురూ ఊరుకుంటారా? సత్తయ్య దగ్గరికొచ్చి, "మీరు కూసుంటలేరా సార్?" అన్నాడు. నడుములో డిస్కు జరిగింది సత్తయ్యా, డాక్టరు నెల దాకా కింద కూర్చోవద్దన్నాడు అని చెప్పాను. అయ్యో అని కుర్చీ వెనక్కి దిండు తెచ్చి పెట్టాడు పిచ్చివాడు. అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. లేచినప్పుడల్లా నడుం మీద చెయ్యేసుకుని వంగి నడిచాను. ఒక్కరు కూడా అనుమానించలేదు. అనుమానించేలా నేనేనాడు చెప్పాను గనక?

కన్యాదానం మొదలైంది. సీతారామయ్య పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతుంటే, వాళ్ళావిడ వెండి చెంబుతో నీళ్ళు పోస్తోంది. మొగుడు పీటల మీద లేకపోతే పెళ్ళానికీ చోటు లేదు కదా, అన్నపూర్ణ నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆ సంగతి నేను ఎనిమిది రోజులు డ్రాఫ్టు రాస్తూ ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆవిడ కుడిచెయ్యి చీర కుచ్చిళ్ళని గట్టిగా పట్టుకుని ఉంది. నా వైపు తిరక్కుండానే మెల్లగా అంది.

"మీ పరువు దక్కింది. ఆ నీళ్ళు పొయ్యాల్సిన చెయ్యి నాదండీ."

కూతురితో అనలేకపోయాను, పోనీ ఈవిడతోనైనా అనొచ్చు. మైకులో మంత్రాలు హోరెత్తిపోతున్నాయి, పక్కవాడికి వినబడదు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆవిడ వైపు తిరిగాను. నోరు తెరిచాను.

"అది కాదు అన్నపూర్ణా," అన్నాను. "ఈ డిస్కు నొప్పి నీకు తెలీదు."