తల్లిగా రెండు నిమిషాలు

"నేనొక తల్లిని," అంది ఆమె పాలగిన్నెతో.

"ఆ సంగతి మాకు తెలుసు గానీ, ముందు ఆ పాలు పొంగిపోతున్నాయేమో చూడు," అంటూ హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

ఆమె గబుక్కున మంట తగ్గించింది. అప్పటికే కొన్ని పాలు పొయ్యి మీద పడి మాడు వాసన వేస్తున్నాయి. గుడ్డతో తుడుస్తూ మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి మనసులో. నేనొక తల్లిని. మా అమ్మాయికి దగ్గు. మా వంటింటికి ఉన్నది ఒక్కటే కిటికీ, అది కూడా పక్క వాటా గోడలోకే తెరుచుకుంటుంది. ఇంతవరకూ బాగానే వస్తోంది. ఆ తర్వాత ఏమనాలో లాయరమ్మ గారు ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా తలకెక్కడం లేదు. రేపు సాయంత్రం కౌన్సిలర్ గారి ముందు నోరు పెగులుతుందో లేదో.

లాయరమ్మ గారు ఆమెకు పరిచయమైంది కొరియర్ ఆఫీసులో. పార్సిళ్ళ మీది చిరునామాలు కంప్యూటర్లోకి ఎక్కించడం అక్కడ ఆమె ఉద్యోగం. అందరికీ టీ పెట్టడం కూడా ఆమె పనే. అది ఎప్పుడు ఆమె పనైందో, ఎవరు అప్పజెప్పారో ఎవరికీ గుర్తులేదు. "మీ చేతి టీ వేరండీ," అంటాడు మేనేజరు. నీళ్ళు మరగబెట్టేది కరెంటు కెటిలు, పొడి ప్యాకెట్లోది, ఇందులో తన చేతి మహిమ ఏముందో ఆమెకు బోధపడేది కాదు. ఒక వాన రోజు, కరపత్రాల కట్టలు పంపించడానికి వచ్చిన పెద్దావిడ వాన వెలిసేదాకా అక్కడే కూర్చుండిపోయింది. రిటైరైన లాయరు. టీ గ్లాసు చేతికందుకుంటూ, "ఈ కెటిలు లాగే మీ ఇంట్లో పొయ్యి కూడా కరెంటుదైతే ఎలా ఉంటుందమ్మాయ్?" అని అడిగింది.

"మా ఇంటి వైరింగు దాన్ని మొయ్యదండీ. ఇస్త్రీపెట్టె పెడితేనే ఫ్యూజు పోతుంది. ఓనరు గారితో అంటే, ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యమంటారు."

"మరి ఈ కాగితాలన్నీ దానికోసమే," అని ఆవిడ ఒక కరపత్రం తీసి ఆమె బల్ల మీద పెట్టింది.

అలా శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో జరిగే మీటింగులకు వెళ్ళడం మొదలైంది. ఎవరికీ జీతం లేదు. ఎండలు ఏటేటా ముదిరిపోతున్నాయి, వానలు వేళాపాళా లేకుండా పడుతున్నాయి, మనం మండించేది తగ్గించుకోకపోతే పిల్లల కాలానికి ఏం మిగులుతుంది అని కంగారుపడే మామూలు మనుషులు. పాత అద్దె ఇళ్ళకు కొత్త వైరింగు వేయించాలి, అద్దెకున్నవాళ్ళు కరెంటు పొయ్యి పెట్టుకుంటామంటే ఓనర్లు అడ్డు చెప్పకూడదు. ఇది వాళ్ళు అడిగేది. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకోవడం ఆమె వంతు. ఒక ఇంట్లో ఒక తాతగారు, "కరెంటు మాత్రం బొగ్గు మండిస్తేనే కదమ్మా వచ్చేది?" అని అడిగాడు. ఆ ప్రశ్నను ఆమె మోసుకెళ్ళి మీటింగులో పెట్టింది. కరెంటు రేపు ఎండ నుంచీ గాలి నుంచీ రావచ్చు, మంట మాత్రం ఎప్పటికీ మంటే అన్నారు మీటింగులకు వచ్చే ఇంజనీరు గారు. ఆ మాట తాతగారికి చెప్పడానికి ఆమె మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వెళ్ళింది. ఆయన తలుపు తీసి, "ఎవరు కావాలి?" అంటే, "మీరే," అంది. దిగేటప్పుడు తనలో తను నవ్వుకుంది. ఎందుకో ఆ రోజు కాళ్ళు నొప్పెట్టలేదు.

ఇంట్లో మొదటిసారి చెప్పినప్పుడు భర్త పేపర్లోంచి తలెత్తి, "ఇంట్లో జీతం లేని చాకిరీ చాలదన్నట్టు బయట కూడా ఒకటా?" అన్నాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు. జోకుగానే అన్నాడు, ఆమె కూడా నవ్వేసింది. తర్వాత మెట్లు దిగుతుంటే కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. చాకిరీ అన్నాడు. జీతం లేదన్నాడు. అయితే ఆయనకు తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ ఆయనకు తెలియదు కాబట్టే ఇలా సాగిపోతోందని అనుకుంది ఆమె. తెలియనివాడని సరిపెట్టుకోవడం తేలిక. తెలిసి కూడా కంచం కూర్చున్న చోటికే తెప్పించుకుంటున్నవాణ్ణి ఏమనుకోవాలి? చెడ్డవాడు కాదు. ఆమెకు జ్వరం వస్తే కాళ్ళు నొక్కుతాడు. కోపం తెచ్చుకుందామంటే ఎక్కడ పట్టుకోవాలో దొరకలేదు, ఊరుకుందామంటే ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

కౌన్సిలర్ గారి అపాయింట్‌మెంటు దొరికిందని తెలిసిన రోజు లైబ్రరీ గదిలో పెళ్ళింట్లో ఉన్నంత సందడి. తను తిరిగిన ఇళ్ళ గురించి చెప్పమంటారేమో అని ఆమె లోలోపల ఆశపడింది. లాయరమ్మ గారు వైరింగు సంగతులు ఇంజనీరు గారికి అప్పగించి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు తల్లిగా మాట్లాడమ్మాయ్. రెండు నిమిషాలు చాలు. మీ పాప దగ్గు గురించి చెప్పు. లెక్కలు చెబితే ఆ కౌన్సిలర్‌కు కునుకు పడుతుంది. పిల్ల దగ్గుతోందంటే కళ్ళు తెరుస్తాడు."

"నేను తిరిగిన ఇళ్ళ గురించి కూడా..."

"అవన్నీ ఇంజనీరు గారు చెబుతారుగా. నీ బలం అది కాదు."

తన బలం ఏమిటో ఇంకొకరికి అంత స్పష్టంగా తెలిసిపోవడం ఆమెకు వింతగా అనిపించింది. ఇంట్లో ఉన్నంతసేపూ తల్లే. ఇంటి గడప దాటి ఇంత దూరం వచ్చినా మళ్ళీ అదే కుర్చీ వేశారు కూర్చోమని. పోనీ, అబద్ధం చెప్పమనలేదు కదా. పిల్లకు దగ్గు వచ్చిన మాట నిజమే. పొయ్యి వల్లేనా అంటే, "కావచ్చు, కాకపోవచ్చు," అన్నాడు డాక్టరు. దుమ్ము కూడా కావచ్చన్నాడు. మరి అది నిజం కిందికి వస్తుందా, సగం నిజం కిందికి వస్తుందా? మంచి పనికోసం సగం నిజం సరిపోతుందా? ఎటు తిప్పినా తెగలేదు.

పాలు పొంగిన ఆ సాయంత్రమే కూతురు స్కూలు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. పీలగా ఉంటుందని వాళ్ళ నాన్న పిచ్చుక అంటాడు. తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ పేరే.

"అమ్మా, రేపు నా దగ్గు గురించి మాట్లాడతావటగా? నానమ్మ చెప్పింది. ప్లీజ్, వద్దు. ఊళ్ళో అందరూ నన్ను రోగిష్టిదాన్ని అనుకుంటారు."

"పేరు చెప్పనుగా."

"పేరు చెప్పకపోతే మాత్రం? నీకున్నది నేనొక్కదాన్నే. అయినా నాకు దగ్గు తగ్గి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా? ఇంట్లో దగ్గేది నువ్వు."

"నేనా?"

"కాదా? నేను మెట్లెక్కేటప్పుడే వింటాగా. నువ్వు దగ్గుతుంటే ఇంట్లో ఉన్నావని తెలుస్తుంది. అప్పుడిక సంచీలో తాళంచెవి వెతుక్కోను."

"అది దగ్గు కాదే. గొంతు సవరించుకుంటున్నానంతే," అంది ఆమె. ఆ మాట పూర్తయ్యేలోపే దగ్గు వచ్చింది. పిచ్చుక అమ్మకు మంచినీళ్ళు అందించి, సంచీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపి అలాగే నిలబడిపోయింది. నాకు దగ్గా? ఎప్పటి నుంచి? గుర్తు చేసుకుందామంటే మొదలు కనిపించలేదు. ఆడబడుచు ఫోన్ చేస్తే, పలకరింపు కన్నా ముందే, "వదినా, పొయ్యి దగ్గరున్నావా, మళ్ళీ చేస్తాలే," అంటుంది. ఎలా తెలుస్తుందో ఏనాడూ అడగలేదు. తను వంటింట్లో ఉంటే భర్త టీవీ సౌండు పెంచుతాడు, వాన జల్లు పడితే కిటికీ వేసినట్టు, అందులో విసుగు కూడా ఉండదు. కూతురి కోసం, అత్తగారి మోకాళ్ళ కోసం, భర్త కడుపునొప్పి కోసం క్లినిక్కు ఎన్నిసార్లు వెళ్ళిందో. అక్కడ దగ్గు వస్తే పేషెంట్లకు ఇబ్బందని లేచి వరండాలోకి వెళ్ళి దగ్గి వచ్చేది. అంత చేసినా అది దగ్గని తట్టలేదు. ఇంటి చప్పుళ్ళలో అదొక చప్పుడు. ఇంతకీ ఇది నిజంగా జబ్బేనా, లేక పిచ్చుక తన మాట దాటేయడానికి అందా?

మర్నాడు కౌన్సిలర్ గారి గదిలో ఇంజనీరు గారు వైర్ల మందం గురించి చెప్పారు. కౌన్సిలర్ గారు మధ్యలో ఫోన్ ఎత్తారు, పెట్టేశారు, అద్దాలు తుడుచుకున్నారు. తర్వాత ఆమె వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా."

"నేనొక తల్లిని," అంది ఆమె. ఆగిపోయింది. లాయరమ్మ గారు బల్ల కింద నుంచి కాలితో తట్టింది.

"మా అమ్మాయికి దగ్గు... కాదండీ. మా అమ్మాయికి బాగానే ఉంది. దగ్గు నాకు."

కౌన్సిలర్ గారు అద్దాలు పెట్టుకున్నారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"తెలీదండీ. నిన్ననే మా అమ్మాయి చెప్పింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు. చెవులు వేడెక్కిపోయాయి.

"డాక్టరుకు చూపించుకున్నారా?"

"మా ఇంట్లో అందరినీ చూపించానండీ."

"మిమ్మల్ని?"

తీరిక లేదు అందామంటే అది నిజం కాదు. ఇంట్లో వద్దన్నారు అందామంటే అదీ కాదు. ఎవరూ వద్దనలేదు. "నన్ను తీసుకెళ్ళడం నా పని అని తెలీలేదండీ," అంది చివరికి.

"పోనీ, అది పొయ్యి వల్లే వచ్చిందని గట్టిగా చెప్పగలరా?"

"చెప్పలేనండీ. మా ఇంట్లో ఆ పొయ్యి ముందు నిలబడేది నేనొక్కదాన్నే. అంతవరకే చెప్పగలను."

రెండు నిమిషాల్లో ఇంకా కొంత మిగిలే ఉంది, ఆమె దగ్గర మాటలే మిగల్లేదు. విషయం కౌన్సిల్ మీటింగులో పెడతానని కౌన్సిలర్ గారు అన్నారు. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతారో, నిజంగానే పెడతారో వాళ్ళెవరికీ తెలియదు. మెట్ల దగ్గర లాయరమ్మ గారు ఆమె మొహంలోకి చూసింది.

"పిల్ల సంగతైతే పని ఇంకా తేలికయ్యేది. నువ్వు కేసు గెలిపించావో ముంచావో నాకే అంతుపట్టడం లేదమ్మాయ్," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ముందే చెప్పొచ్చుగా," అంది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెబితే భర్త కూడా అదే మాటన్నాడు. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా? నలుగురిలో నన్ను దోషిని చేసేదాకా ఎందుకు?" మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆమెకు జాలేసింది. మరుక్షణం ఒళ్ళు మండింది. పక్కనే కూర్చుని టీవీ సౌండు పెంచిన మనిషికి విడిగా చెప్పాలా? అయినా తనకే తెలియనిది ఆయనకు ఎలా తెలియాలి? తను అడగలేదు, ఆయన వినలేదు. ఇందులో ఎవరి పాలు ఎంతో విడదీయబోతే చిక్కు ఇంకా బిగుసుకుంటోంది.

మంచం మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటున్న అత్తగారు చేతిని ఆపకుండానే అంది, "దానికేముందిరా. నేను కూడా ఇలాగే దగ్గేదాన్ని. వంట దీనికి అప్పజెప్పాక తగ్గింది."

భర్త తల్లి వైపు చూశాడు, తర్వాత భార్య వైపు. అత్తగారు తనేమన్నదో అప్పుడు వినిపించినట్టు నూనె సీసా మూత పెట్టి, పక్కకు తిరిగి పడుకుంది. ఆమె అక్కడే నిలబడింది. ఆవిడ ఓదార్చిందా? తప్పు ఒప్పుకుందా? ఆ దగ్గు ఆ ఒంట్లోంచి తన ఒంట్లోకి వచ్చిందని ఆవిడకు ఇన్నాళ్ళూ తెలుసా? ఆవిడ దగ్గిన రోజుల్లో ఆవిడను ఎవరు అడిగారు? ఆ ముసలి వీపు చూస్తుంటే కోపం వచ్చినా నిలవడం లేదు.

"ఆదివారం నేను తీసుకెళ్తాలే," అన్నాడు భర్త, మెల్లగా.

ఆమె వంటింట్లోకి నడిచింది. ఆ పూట వంట ఉంది, చేసింది. దగ్గు వచ్చిన ప్రతిసారీ తన దగ్గు తనకే వినిపించింది, కొత్తింట్లో గడియారం వినిపించినట్టు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు ఎప్పట్లాగే పెదాలు చప్పరించి, "టీ అవుతుందా అండీ?" అన్నాడు.

"కెటిలు అక్కడే ఉంది సార్. మీట నొక్కితే అదే అవుతుంది," అంది ఆమె. గడుసుగా అందామనుకోలేదు. ధ్యాస ఎక్కడో ఉండి ఉన్నమాట పైకి వచ్చేసింది. ఆయన బిత్తరపోయి కెటిలు వైపు, అదేదో కొత్త యంత్రం అయినట్టు, చూస్తూ నిలబడ్డాడు.

ఆఫీసు అయ్యాక ఆమె ఇంటి దారి పట్టి, మలుపు దగ్గర ఆగింది. ఆదివారం దాకా ఆగడమే మర్యాదేమో. ఇది పొయ్యి వల్ల కాదంటే లాయరమ్మ గారి ముఖం ఎలా చూడాలి? అవునంటే ఇంటికెళ్ళి ఆ పొయ్యి ఎలా వెలిగించాలి? రెండింటికీ జవాబు లేదు. జవాబు లేకుండానే అడుగులు క్లినిక్కు వైపు పడ్డాయి.

కౌంటరు దగ్గరి అమ్మాయి ఆమెను చూసి పరిచయంగా నవ్వింది. "రండి రండి. ఈసారి ఎవరికండీ? పాపకా, అత్తగారికా?"

ఆమె అలవాటుగా పక్కకు తిరిగి చూసింది. పక్కన ఎవరూ లేరు.

"నాకు," అంది.