వంకర కోత

ముందు చప్పుడు. దుకాణంలో దీపం వెలగకముందే, కంటికి ఏమీ ఆనకముందే, ఇనుప షట్టరు మీద అరచేతులు పడుతున్న చప్పుడు. ఒక చెయ్యి, నాలుగు చేతులు, ఆపైన ఎన్నో తెలియని చేతులు. వానలా మొదలై వడగళ్లుగా మారిన చప్పుడు. చీకట్లో బల్ల వెనుక నిలబడి అతడు దాన్ని వింటూ చొక్కా చేతులు మడుచుకున్నాడు. కుడిది మోచేతిదాకా, ఎడమది మణికట్టుదాకా. ఎప్పుడూ అంతే.

జేబులోంచి బ్లేడు తీశాడు. పసుపుపచ్చ ప్లాస్టిక్ పిడి. బొటనవేలితో తోస్తే బయటికి జారే సన్నటి ఉక్కు నాలుక. మొద్దుబారిన కొసను విరిచి రేకు డబ్బాలో పడేశాడు. కొత్త కొసకు గోరు ఆనించి పదును చూసుకున్నాడు.

"ఏం బ్లేడూ, ఎత్తమంటావా?" గోడ దగ్గర స్విచ్చు మీద వేలు పెట్టి అడిగింది యజమానురాలు. ఆమె గొంతులో నిద్రలేమి, కొంచెం భయం.

"ఎత్తండమ్మా. ఎత్తకపోతే వాళ్లే ఎత్తేట్టున్నారు."

దుకాణంలో అందరికీ అతడు బ్లేడే. మాటలతో ప్రాణం తీసేవాణ్ణి లోకం బ్లేడంటుంది. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరు పడడం అక్కడివాళ్లకు తీరని నవ్వు. "మిగతావాళ్లు మాట్లాడి కోస్తారు, మనవాడు కోసి ఊరుకుంటాడు" అనేవాడు సరుకు తెచ్చే వ్యాను డ్రైవరు. ఆ పేరు ఇంటిదాకా వెళ్లలేదు. వెళ్లనివ్వలేదు. తండ్రిని రేకుముక్క పేరుతో పిలుస్తున్నారని తెలిస్తే కూతురి మొహం ఎలా మారుతుందో అతడికి తెలుసు.

షట్టరు మోకాలెత్తుకు లేచిందో లేదో, దాని కిందినుంచి మనుషులు పాకుతూ వచ్చారు. ఒకడి వీపు మీద ఇంకొకడి మోకాలు. ఒకడి వేళ్ల మీద ఇంకొకడి బూటు. ఒక కేక లేచి సగంలో తెగిపోయింది. మెడలో ఆఫీసు గుర్తింపు పట్టీ వేలాడుతున్న కుర్రవాడు ముందున్న బట్టతల పెద్దమనిషిని కాలరు పట్టి వెనక్కి గుంజాడు. పెద్దమనిషి వెనుదిరక్కుండానే మోచేత్తో అతడి పెదవి పగలగొట్టాడు. విడివిడిగా చూస్తే మంచివాళ్లే. బస్సులో లేచి సీటు ఇచ్చేవాళ్లే.

"వరస! వరసలో రండి!" అని అరిచింది యజమానురాలు.

"వరసలు తర్వాత కలుపుకుందాం పిన్నిగారూ, ముందు కార్డివ్వండి!"

ఎవరో నవ్వారు. నవ్వుతూనే పక్కవాణ్ణి తోశారు.

తెరమీద బొమ్మను కదిలించేది గ్రాఫిక్స్ కార్డు. ఏడాదిగా వాటికి కరువు. కొత్త కంప్యూటరు కొనాలనుకున్నవాడు పెట్టె కొనగలడు, తెర కొనగలడు, కీబోర్డు కొనగలడు. కార్డు దగ్గరికొచ్చేసరికి చేతులు జోడించాలి. వ్యాను ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే ఒక అట్టపెట్టె తెస్తుంది. అందులో ఉన్నన్నే.

"ఈ చిప్పులన్నీ ఎటు పోతున్నాయండీ?"

"ఎటేమిటి, ఆ పెద్ద పెద్ద సర్వర్ల గోడౌన్లున్నాయే, అవి మింగుతున్నాయట. మనకు మిగిలేది వాటి త్రేన్పులే."

"వచ్చే ఏడాదైనా దొరుకుతాయంటారా?"

"వచ్చే ఏడాది ధర వింటే, ఇవాళ తిన్న తన్నులే చవక అనిపిస్తాయి."

కొన్న కార్డును గుమ్మం దాటించి రెట్టింపుకు అమ్మేవాళ్లు ఊరినిండా పుట్టుకొచ్చారు. అందుకని ఆ దుకాణంలో ఒక కట్టడి. డబ్బా మూతను పట్టి ఉంచే వెండిరంగు సీలును, కొన్నవాడి కళ్లముందే, బల్ల మీద కోసి ఇవ్వాలి. సీలు తెగిన కార్డు వాడుకునేవాడికి కార్డే. అమ్ముకునేవాడికి మాత్రం పాత సరుకు. కోసే పని అతడిది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా పుస్తకాలు బైండు చేసేచోట అంచులు కోశాడు. అక్కడి యంత్రం అతడి ఎడమ ఉంగరపు వేలి కొసను ఉంచేసుకుంది. కుడిచేతికి మాత్రం ఒక వరం ఇచ్చింది: స్కేలు లేకుండా తిన్నగా కోయడం. కూతురి బడిపుస్తకాల అట్టలు, భార్య కుట్టే గుడ్డ, చిన్నప్పుడు ఆ పిల్ల నుదుటి మీది జుట్టు, అన్నీ ఆ చేతి కిందనే తిన్నగా తెగాయి.

సర్ర్. ఒక డబ్బా. సర్ర్. ఇంకొకటి. గీత ఎక్కడా జంకలేదు.

టోపీ వంతు వచ్చింది. వెనుక వీధిలో కార్డులు తిరగమ్మేవాళ్లకు వాడే పెద్ద. ఎండాకాలమైనా వానాకాలమైనా ఊలు టోపీ తీయడు. వాడి వెనుక వాడి మనుషులిద్దరు. తలా ఒక డబ్బాకు వచ్చారు.

"బాబాయ్," అన్నాడు టోపీ, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి. "ఆ చెయ్యి ఒక్కసారి వణకొచ్చుగా? మూడు డబ్బాలకు చూపు ఆనలేదనుకో. వయసు మీద పడిందంటే ఎవరూ తప్పు పట్టరు."

అతడు డబ్బా ముందుకు లాక్కున్నాడు. సర్ర్.

"మన ఇద్దరి మంచికే చెప్తున్నా బాబాయ్."

సర్ర్. సర్ర్.

మూడు వెండి సీళ్లూ సరిగ్గా సగానికి తెగి నోళ్లు తెరిచాయి. టోపీ వాటినే చూస్తూ నిలబడ్డాడు. "కడుపు మీద కొట్టావు," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "కడుపంటే ఏమిటో నీకూ తెలియాలిలే."

ఆఖరి డబ్బా దగ్గర దుకాణం పగిలింది. పట్టీ కుర్రవాడి చెయ్యి, బట్టతల పెద్దమనిషి చెయ్యి ఒక్కసారే దాని మీద పడ్డాయి. పెద్దమనిషి డబ్బాను కడుపుకు హత్తుకుని వంగిపోయాడు. కుర్రవాడు ఆయన తలను రెండు చేతులా పట్టి అద్దాల బల్లకేసి కొట్టాడు. ఒకసారి. అద్దం మీద సాలెగూడు పడింది. రెండోసారి. సాలెగూడు ఎర్రబడింది. "నా పని పోతుందిరా, కార్డు లేకపోతే నా పని పోతుంది!" అని ఏడుస్తూ కొడుతున్నాడు కుర్రవాడు. బ్లేడు జేబులో వేసి అతడు బల్ల ఎక్కి దూకి, వెనుకనుంచి కుర్రవాడి నడుము చుట్టి లాగాడు. ఇద్దరూ అట్టపెట్టెల మీద పడ్డారు. కుర్రవాడు అతడి ముంజేతిని కొరికాడు. అతడు కొట్టలేదు, వదల్లేదు. ఊపిరి కుదుటపడేదాకా, ఏడుపు వెక్కిళ్లయ్యేదాకా పసివాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆస్పత్రి బండి పెద్దమనిషిని తీసుకెళ్లింది. డబ్బా ఆయన ఒడిలోనే వెళ్లింది. నెత్తురు కారుతున్న చేతుల్తో ఆయన దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. అయినా బండి ఎక్కేముందు అతడు చెయ్యి చాపి సీలు కోశాడు. కట్టడి కట్టడే.

నేల తుడిచాక యజమానురాలు బల్ల కిందినుంచి ఒక డబ్బా తీసింది. "ఇది మీ అమ్మాయిది. పొద్దున్నే పక్కన పెట్టాను."

అతడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు. ఇంట్లో, కిటికీ పక్క బల్ల మీద, కూతురి కంప్యూటరు ఆర్నెల్లుగా ఎదురుచూస్తోంది. ఒక్కొక్క భాగమూ పోగుచేసి బిగించుకుంది. కట్టబోయే భవనాల్ని తెరమీద ముందే కట్టి చూపించే పని ఆమెకు దొరికింది. సోమవారం చేరాలి, యంత్రం సొంతంగా ఉండాలి. లేదంటే ఆ చోటుకు ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. లోపల ఒక్క కార్డు చోటే ఖాళీ. పన్ను ఊడిన చిగురులా ఖాళీ.

"కోయలేదేం?" అంది యజమానురాలు.

"అమ్మాయి కోసుకుంటుందమ్మా." ఆ రోజుకు అన్నిటికంటే పెద్ద మాట మాట్లాడాడు. "ఊళ్లోవాళ్ల డబ్బాలన్నీ నా చేత్తోనే తెరిచాను. మా ఇంటికి తెరవని డబ్బా ఒకటి వెళ్లాలని ఉంది."

"సీలున్నదాంతో ఈ వీధిలో నడవకూడదు. నేను చెప్పాలా, నీకు తెలియదా?"

"సంచీలో పెట్టుకుంటానుగా."

సంచీ చిన్నది. డబ్బా మూల బయటికి తొంగిచూసింది. ఇంటికి చేరే తొందరలో అన్నం గిన్నె బల్ల కిందే ఉండిపోయింది.

మధ్యాహ్నపు ఎండలో వెనుక సందు తెల్లగా మెరుస్తోంది. చెత్తకుండీ దగ్గర టోపీ తన మనుషులిద్దరితో నిలబడి ఉన్నాడు. ముందు వాడి చూపు సంచీ మీద పడింది, తర్వాత వెండి మెరుపు మీద. నవ్వాడు.

"చూశార్రా? మనకేమో కోతలు, తనకేమో మూటలు! ఎవరికి అమ్ముతున్నావ్ బాబాయ్?"

"అమ్మడానికి కాదు. మా అమ్మాయికి."

"అందరికీ అమ్మాయిలున్నారు. మాకైతే సీలు కోసి మరీ ఇచ్చావే?"

అతడు సంచీని ఛాతీకి హత్తుకుని ముందుకు నడవబోయాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. సందు మొత్తం గంటలా మోగింది. రెండోది దవడ మీద. గోడకు జారిపోతూ సంచీని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. బూటు కడుపులో దిగింది. మళ్లీ దిగింది. తడి బస్తాను తన్నినట్టు, తొందర లేకుండా, ఒకడి తర్వాత ఒకడు తన్నారు. లోపల ఎక్కడో ఏదో జారి ఇంకెక్కడో పడింది. నోట్లో ఇనుము రుచి.

అప్పుడు అతడి చెయ్యి జేబులోకి పోయింది. పసుపుపచ్చ పిడి బయటికొచ్చింది. ఉక్కు నాలుక చాచింది.

"బ్లేడురా! పొడుస్తాడు!" ముగ్గురూ రెండడుగులు వెనక్కి వేశారు.

అతడు వాళ్లవైపు చూడలేదు. సంచీలోంచి డబ్బాను ఒడిలోకి లాక్కున్నాడు. ఎడమచేత్తో ఆనించి పట్టాడు. కుడిచెయ్యి ఆగడంలేదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అది వణుకుతోంది. కోశాడు. గీత పక్కకు పోయింది, మెలిక తిరిగింది, అట్టను కూడా చీల్చింది. సీలు తెగింది.

డబ్బా ఇప్పుడు ఒక్కరికి తప్ప ఎవరికీ పనికిరాదు.

"పిచ్చిముసలాడు," అన్నాడు టోపీ. వాడి గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది. దాన్ని చంపుకోవడానికన్నట్టు, పోతూ పోతూ కడుపులో ఇంకొక తన్ను తన్నాడు.

బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో లేచి సీటు ఇచ్చారు. కూర్చుంటే లేవలేనని వద్దన్నాడు. ఇంటి మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగాడు.

"అయ్యో, ఆ మొహమేంటండీ?" కుట్టుమిషను దగ్గరినుంచి లేచింది భార్య.

"మెట్ల మీద జారాను."

"ఏ మెట్లు అలా కొరుకుతాయి?" అంది ఆమె, ముంజేతి మీది పళ్లగాటు చూస్తూ. "పదండి ఆస్పత్రికి."

"వెళ్దాంలే. ముందు దాన్ని పెట్టనీ. ఒక్కసారి చూసి వెళ్దాం."

కూతురు డబ్బా అందుకుంది. సంతోషం సగం దూరం వచ్చి ఆగింది. "నేను కోస్తానన్నాను కదా నాన్నా. ఇది నువ్వు కోసిందేనా? ఇంత వంకరగా?"

"చెయ్యి ఆగలేదు రా తల్లీ."

గోడపక్క కుర్చీలో కూర్చుని కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె కార్డును డబ్బాలోంచి, పసిబిడ్డను ఎత్తినట్టు మెల్లగా తీసింది. ఖాళీ చోటులో నిలబెట్టి నొక్కింది. టిక్. మరలు బిగించింది. మీట నొక్కింది. మొదట ఒక చిన్న గాలి, తర్వాత కార్డు మీది గాలిచక్రాలు రెండూ కలిసి పాడే సన్నటి పాట. తెర నల్లగా ఉండి, నీలంగా మారి, గదిని నింపింది.

"తిరుగుతోందా?" అన్నాడు కళ్లు మూసుకుని.

"తిరుగుతోంది నాన్నా. చూడు, ఎంత మెత్తగా తిరుగుతోందో!"

తెరమీద ఒక ఖాళీ గడి వెలిగింది. ఈ కంప్యూటరుకు పేరు పెట్టండి, అని అడిగింది. గడిలో సన్నటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

"పేరడుగుతోంది. ఏం పెడదాం? నువ్వే చెప్పు." ఆమె తెరవైపే చూస్తూ అడిగింది. "నాన్నా?"

బయట భార్య ఆటో వాణ్ణి పిలుస్తోంది. చక్రాలు పాడుతున్నాయి. కడుపు మీదనుంచి చెయ్యి జారి, కుర్చీ పక్కన వేలాడి, నిలిచిపోయింది. చాలాసేపటికి గాని ఆమె వెనక్కి తిరగలేదు.

మర్నాడు యజమానురాలు అన్నం గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "మా బ్లేడు ఇవాళ రాలేదేంటని..." అంటూ గుమ్మంలో చెప్పులు చూసింది, గదిలో మనుషుల్ని చూసింది, మాట మింగేసింది.

"బ్లేడెవరమ్మా?" అంది భార్య, అర్థంకాక.

యజమానురాలు అక్కడే కూలబడింది. చెప్పింది. వెండి సీళ్ల సంగతి, తిన్నని గీతల సంగతి, పసివాడిలా పట్టుకున్న కుర్రవాడి సంగతి, సందులో నెత్తురు చూసిన వ్యాను డ్రైవరు పోలీసుల్ని పిలిచిన సంగతి. తెరవని డబ్బా ఒకటి ఇంటికి వెళ్లాలన్న మాటా చెప్పింది. కూతురు గోడకు ఆనుకుని వింది. వింటూ వింటూ, ఒడిలో పెట్టుకున్న డబ్బా మీది వంకర కోతను వేలితో ఆ చివరనుంచి ఈ చివరదాకా తడిమింది.

అందరూ వెళ్లాక బల్ల ముందు కూర్చుంది. కంప్యూటరును ఎవరూ ఆపలేదు. పేరు కోసం ఆ గీత ఇంకా ఆరుతూ వెలుగుతూనే ఉంది. పెట్టె మీద, అతడి జేబులోంచి తీసిన పసుపుపచ్చ పిడి, దాని ఉక్కు కొసకు అంటుకుని వెండి సీలు ముక్క. చక్రాల గాలికి ఆ ముక్క సన్నగా వణుకుతుంటే చూస్తూ, ఇంట్లో ఎప్పుడూ వినిపించని పేరును ఆమె పైకి పలికింది: "బ్లేడు."